ఏడు అంకె తోక

అవిసె నూనె డబ్బా మూత లేపగానే వచ్చే వాసనకు మనిషిని మోసుకుపోయే బలముంది. రెండు ఇంజన్లు తగిలించిన గూడ్సు బండికి కూడా అంత బలం ఉండదని ఎవరితోనైనా పందెం కాస్తాను. ఈ ఉదయం తాండూరు బజారులో మా దుకాణం అరుగు మీద కూర్చుని మూత లేపానో లేదో, ఆ ఘాటు ముక్కుకెక్కి, రైలు గంట నడిచే దూరాన్ని ఒక్క తుమ్ములో దాటించి, నన్ను వికారాబాదు ఇంజన్ల షెడ్డు పక్కనున్న రేకుల గదిలో పడేసింది.

డబ్బా తీయడానికి కారణం ఎదురుకొట్టు శివప్ప. కందిపప్పు వ్యాపారి. పప్పు తూకం వేసి ఇస్తాడు, సలహాలు మాత్రం తూకం లేకుండా ఇస్తాడు. "ఏం సాయిలన్నా, ఊరందరికీ బోర్డులు రాస్తవు, నీ తలుపు పక్కనున్న పలక మీద ఆఖరి అక్షరం సగం కొట్టుకపోయింది. జర అద్దంల జూసుకో!" అని గిరాకీలందరూ నవ్వేలా అరిచాడు. పరువు కోసం బ్రష్షు చేతిలోకి తీసుకున్నాను. వాసన తగిలాక చెయ్యి ముందుకు పోలేదు. ఆ వాసనలోంచి యాకోబు మేస్త్రి కళ్లు చిట్లించి నా వంక చూస్తున్నాడు.

యాకోబు మేస్త్రిది మర్పల్లి పక్కన ఒక పల్లె. షెడ్డులో రంగుల మేస్త్రి. ఇంజన్ల మీద అంకెలు, ఇసుక బకెట్ల మీద 'నిప్పు', గోడల మీద 'ఉమ్మరాదు' రాయడం ఆయన పని. ఎంత సన్నగా ఉండేవాడంటే, ఆయన ఎండలో నిలబడితే నీడ పడాలా వద్దా అని సూర్యుడు కాసేపు ఆలోచించేవాడు. ఆయన ఖాకీ చొక్కా మీద ఇరవై ఏళ్ల రంగులు పొరలు పొరలుగా పేరుకుని ఉండేవి. విప్పి కింద పెడితే అది మేస్త్రి లేకుండానే నిలబడేది. నిజాం సర్కారు పోయాక బండ్ల మీది పాత అక్షరాలు చెరిపి కొత్తవి రాయమని హుకుం వస్తే, మా షెడ్డులో ఆ పనంతా ఆయన చేతుల మీదుగానే జరిగిందట. నేను ఆయన దగ్గరికి చేరింది అది జరిగి చాలా ఏళ్లయ్యాక, యాభైల చివర్లో.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. యాలాల్ నుంచి పెద్దేముల్ దాకా నా అక్షరం లేని కొట్టు లేదని నేనే ప్రచారం చేసుకునేవాణ్ణి. నిజానికి అవి పదకొండు కొట్లు, అందులో రెండు మా మేనమామవి. షెడ్డులో రోజుకూలీ మీద రంగుల మనిషి కావాలంటున్నారని విని, చొక్కా జేబులో మూడు బ్రష్షులు అందరికీ కనిపించేలా గుచ్చుకుని వెళ్లాను. మేస్త్రి నా మొహం చూడలేదు, బ్రష్షులూ చూడలేదు. నల్లరంగు పూసిన రేకు ముక్క ఒకటి ముందుకు తోశాడు.

"రాస్తవా?"

"రాస్త మేస్త్రీ. నాలుగు బాషల్ల రాస్త."

"బాషలు తర్వాత. ఒక్క గీత గియ్యి."

గీశాను. నా కంటికి అది హైదరాబాదు దాకా పొడిగించినా వంకర తిరగని గీత. ఆయన రేకును కంటికి అడ్డంగా పట్టుకుని చూశాడు.

"గీసెటప్పుడు దేన్ని జూసినవ్?"

"బ్రష్షును, మేస్త్రీ."

"గందుకే వణికింది. పెయింటు యాడికి పోవాల్నో గాడ జూడాలె. బ్రష్షు ఎన్కనే వస్తది."

ఆయన మరో అలవాటు నాకు మొదట్లో పిచ్చిగా తోచింది. ఏ ఇంజనుకైనా కొత్త రంగు వేసే ముందు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పాత రంగు ఎక్కడెక్కడ అరిగిందో చూసేవాడు. "గీ ఫైర్‌మన్‌ది ఎడమచెయ్యి" అనేవాడు. "గీ డ్రైవర్ కిటికీ మీద మోచెయ్యి పెట్టి కునుకు తీస్తడు." ఇంజను దగ్గర మనిషి ఎవరూ ఉండేవారు కాదు. తర్వాత విచారిస్తే ప్రతి మాటా నిజమయ్యేది. అరుగుదలను చూసి మనుషుల జాతకం చెప్పే ఈయన పోలీసుల్లో ఉంటే, జిల్లాలో దొంగలందరూ వ్యవసాయంలోకి దిగేవారు.

ఆ షెడ్డులో మేస్త్రికి ఒక్కడే శత్రువు. 417 నంబరు బండి డ్రైవర్ బాలయ్య. ఏనుగంత మనిషి. ఆయన తుమ్మితే స్టేషన్‌మాస్టరు బండి వచ్చిందనుకుని జెండా తీసేవాడని మావాళ్లు చెప్పుకునేవారు. బండి ఎక్కే ముందు బాలయ్య తన అరచెయ్యి తీసుకెళ్లి, మెట్టు పక్కన రేకు మీద, సరిగ్గా 417లో ఏడు అంకె మీద ఆనించేవాడు. కాసేపు అలాగే ఉంచి అప్పుడు ఎక్కేవాడు. ఆ చేతికి నూనె, మసి, బొగ్గుపొడి. నెల తిరిగేసరికి ఏడు అంకెకు తలకాయ మిగిలేది, తోక పోయేది. నంబరు స్పష్టంగా కనబడాలన్నది రూలు. తనిఖీ వచ్చినప్పుడల్లా తోక లేని ఏడుకు జవాబు చెప్పుకోవాల్సింది మేస్త్రి. అప్పటికే రెండు మెమోలు వచ్చి ఉన్నాయి. నెలకోసారి మేస్త్రి రాసేవాడు, నెలంతా బాలయ్య చెరిపేవాడు. ఇలా తొమ్మిదేళ్లు గడిచాయి. రెండో మెమో వచ్చిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే మౌనమని కాదు. మేస్త్రి రాస్తూ ఉంటే బాలయ్య పైనుంచి ఇంజనుతో అనేవాడు: "ఓ బండీ, నీ ఒంటి మీద ఎవలో గీతలు గీస్తున్రు, జర పైలం." మేస్త్రి తల ఎత్తకుండా రంగు డబ్బాతో చెప్పేవాడు: "ఓ డబ్బా, కొందరి చేతులకు దురద లేస్తది, మందు లేదు." ఇంజనూ డబ్బా తప్ప మధ్యవర్తులు లేని ఆ యుద్ధాన్ని చూడటానికి మేము టీ తాగే వేళ కూడా మార్చుకున్నాం.

అలాంటి సమయంలో బాలయ్య రిటైర్మెంటు దగ్గరపడింది. షెడ్డు తరఫున ఏదైనా ఇవ్వాలన్నారు. ఫిట్టర్ కాశీం భాయ్ అప్పటికే ఏడాదిగా తీరిక దొరికినప్పుడల్లా ఇత్తడి రేకులు కత్తిరించి, మూరన్నర పొడవున 417 బండి నమూనా కడుతున్నాడు. నీళ్లు పోసి దీపం పెడితే నిజంగానే బుస్సుమనేది. బొగ్గు పెట్టె, గంట, మెట్లు అన్నీ ఉన్నాయి. లేనివల్లా అక్షరాలే. అవి లేని బండి పేరు పెట్టని పసివాడిలా మొహం వేలాడేసుకుని ఉంది.

షెడ్డు ఆఫీసరు గారు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది. దానితో రివెట్లు చూసేవాడు, హాజరు పట్టీ చూసేవాడు, మధ్యాహ్నం డబ్బాలో పచ్చడి కూడా చూసుకునే తినేవాడని ప్రతీతి. ఆయన నన్ను పిలిపించాడు.

"ఏమయ్యా సాయిలూ, నీ రోజుకూలీ ఉత్తర్వు ఈ నెలాఖరుతో అయిపోతుంది, తెలుసుగా? రెండో పెయింటరు పోస్టు ఒకటి పర్మనెంటుగా వచ్చింది. ఆ బొమ్మ ఇంజను మీద రాత అంతా నువ్వే రాయి. సన్మానం రోజు ఈ అద్దంతో చూస్తాను. ఒక్క తప్పు లేకుండా ఉంటే పోస్టు నీది. ఉంటే నీ ఊరు నీది."

ఆ ముక్క తాండూరులో మా అమ్మకు చేరేసరికి చివరి వాక్యం రాలిపోయింది. మా వీధిలో నేను అప్పటికే పర్మనెంటు అయిపోయాను. ఇంకో రెండు రోజులైతే స్టేషన్‌మాస్టరును చేసేది.

ఎనిమిది రోజులు పట్టింది. నమూనా మీద ఒక్కో అంకె వడ్లగింజంత. బొగ్గు పెట్టె పక్కన నీళ్లు ఎన్ని పడతాయో తెలిపే రాత గసగసాలంత. చక్రాల మీది చట్రంపై చివరి మరమ్మతు రాత ఎంత చిన్నదంటే, చీమ చదవాలన్నా దగ్గరికి రావాల్సిందే. మేస్త్రి ఉడత తోక వెంట్రుకలతో ఒక బ్రష్షు కట్టిచ్చాడు. అందులో ఉన్నవి ఐదే వెంట్రుకలు. తెల్లరంగును అవిసె నూనెలో నూరి, పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాం. అన్నిటికంటే పెద్ద శత్రువు మా గది పక్కనున్న పట్టాలు. గూడ్సు బండి పోతే గది మొత్తం పూనకం వచ్చినట్టు ఊగేది. అందుకని మేస్త్రి నాలుగు ఇసుక బస్తాల మీద తాండూరు నాపరాయి బండ ఒకటి వేయించి, దాని మీద నమూనా పెట్టించాడు. గోడకు రైళ్ల టైంటేబుల్ అంటించాడు. సిగ్నల్ రెక్క వాలితే చాలు, వాకిట్లో నిలబడ్డ కాశీం భాయ్ అరిచేవాడు: "అరే సాయిలూ, బ్రష్ ఉఠావ్! మెయిలొస్తుంది!" నేను బ్రష్షు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, బండి పోయేదాకా రాతివిగ్రహంలా ఉండేవాణ్ణి. రెండు రైళ్ల మధ్య ఒక అంకె. ప్యాసింజరు ఆలస్యమైతే అంకెన్నర. దేశంలో రైళ్లు ఆలస్యంగా నడవాలని మొక్కుకున్న రైల్వే మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

సన్మానం రోజు ఉదయానికి అంతా ఆరి సిద్ధంగా ఉంది. 417 రెండు వైపులా మెరుస్తోంది. మేస్త్రి వచ్చి వంగి చూశాడు. నేను మెప్పు కోసం తల కొంచెం వంచి నిలబడ్డాను.

"మంచిగ రాసినవ్" అన్నాడు. "ఇగ ఏడు తోక జెరుపు."

నాకు అర్థం కాలేదు. "ఏంది మేస్త్రీ?"

"మెట్టు దిక్కున్న ఏడు. తోక సగం జెరుపు. అసలు బండి మీద ఎట్లున్నది?"

"మేస్త్రీ, సాబు అద్దం పట్టి జూస్తడు! నా నౌకరీ పోతది!"

గుడ్డముక్కను టర్పెంటైన్‌లో ముంచి బొటనవేలికి చుట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకోలేదు, మూసుకోవాల్సింది. రెండు రైళ్లు పోయేదాకా ఆగి రాసిన నా ఏడు తోక ఒక్క వత్తుడుకు మసకబారి, అంచు చెదిరి, సగం మాయమైంది. గుడ్డ పారేసి, స్వాగతం బోర్డు రాయాలని ఆయన స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

నేను ఆ బండ ముందు కూర్చుని ఆలోచించాను. తొమ్మిదేళ్ల పగ. రెండు మెమోలు. ఇప్పుడు అందరి ముందు, ఆఫీసరు భూతద్దం కింద, బాలయ్య చేసిన చెరుపును బొమ్మ మీద చూపించి పరువు తీయబోతున్నాడు. ఎంత లోతైన మనిషి! పగ తీర్చుకోవడానికి నా ఉద్యోగమే దొరికిందా? పదకొండు గంటల ప్యాసింజరు దాటిపోయింది. మళ్లీ ఒంటిగంట దాకా బండి లేదు. ఐదు వెంట్రుకల బ్రష్షు తీసి, తోక మళ్లీ రాశాను. చెయ్యి వణకలేదు. కోపానికి ఆ సుగుణముంది.

నూనె రంగు ఆరడానికి రెండు రోజులు కావాలి. సన్మానం నాలుగింటికి. నాకు మిగిలింది ఐదు గంటలు. నమూనాను ఎండలో పెట్టాను. టైంటేబుల్ ఊడదీసి విసనకర్రలా విసిరాను. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను. రెండింటికి గడ్డిపరక కొసతో తాకి చూస్తే తడి. మూడింటికి తాకితే తడి. మూడున్నరకు తాకే ధైర్యం లేకపోయింది. కాశీం భాయ్ వచ్చి నమూనా మీద ఎర్ర గుడ్డ కప్పబోతే, ఆయన చెయ్యి పట్టుకుని, "భాయ్, గుడ్డ తగలనియ్యకు, నీకు దండం బెడత!" అన్నాను. "ఏమైందిరా, బుఖారొచ్చిందా?" అని ఆయన నా నుదురు తాకి చూశాడు.

షెడ్డు ముందు షామియానా వేశారు. పక్కనే అసలు 417 పొగ వదులుతూ నిలబడి ఉంది. మేస్త్రి ఒక కంబానికి ఆనుకుని నిలబడ్డాడు. బాలయ్య మెడలో దండలు, మొహంలో ముళ్లు. ఆఫీసరు భూతద్దం తీశాడు. బొగ్గు పెట్టె చూశాడు, చట్రం చూశాడు, అంకెలు ఒక్కొక్కటే చూశాడు. నా గుండె చేసిన చప్పుడుకు సిగ్నల్ పడుతుందేమో అనుకున్నాను. ఆయన తల ఊపి, "భేష్" అన్నాడు. ఆ ఒక్క క్షణం నేను పర్మనెంటు.

నమూనాను బాలయ్య ముందుకు జరిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. బాలయ్య చూశాడు. మొహంలో ఏ కదలికా లేదు. పక్కింటి పసివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

"మంచిగున్నది" అన్నాడు పొడిగా. "కొత్త బండి లెక్కున్నది."

అని ఎత్తుకోబోయాడు. ఎత్తుకునే ముందు, ఏళ్ల నాటి అలవాటు, బొటనవేలు దానంతటదే వెళ్లి మెట్టు పక్కన ఏడు మీద ఆనింది. వేలు తీసేసరికి ఏడు తోక లేదు. అది బాలయ్య బొటనవేలి మీద తెల్లగా ఉంది.

బాలయ్య వేలు చూసుకున్నాడు. నమూనా చూశాడు. అసలు బండి వైపు తల తిప్పి మళ్లీ నమూనా చూశాడు. అప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, ఇంజనుతో కాకుండా మనిషితో మాట్లాడాడు.

"యాకోబూ. గీ వేలు గీడికి పోతదని నీకెర్కేనా?"

మేస్త్రి కంబం దగ్గర్నుంచి కదల్లేదు. "తొమ్మిదేండ్ల సంది ఎర్క. పొద్దుగాల నేనే జెరిపిన. మా తాండూరోడు మళ్ల రాసిండు."

"చెయ్యి ఆనిస్తే బండి తబియత్ తెలుస్తది నాకు. లోపటి వణుకు అరచేతికొస్తది. నువ్వేమో ఊకె రాస్తివి..."

"నువ్వు చెరపాలె, నేను రాయాలె. అది నీ డ్యూటీ, ఇది నా డ్యూటీ."

ఆఫీసరు గారికి ఇదంతా నచ్చలేదు. భూతద్దం నా వైపు తిప్పాడు. అందులోంచి ఆయన కన్ను గుమ్మడికాయంత కనిపించింది. "తడి రంగు పూసి తెస్తావా? సరే, ఇంకా మించిపోలేదు. బ్రష్షు తీసుకో. ఇక్కడే, నా ముందే సరిచేసి ఇవ్వు."

కాశీం భాయ్ పరుగెత్తి డబ్బా, బ్రష్షు తెచ్చాడు. నెలాఖరుకు మూడు రోజులుంది. మా వీధిలో నేను పర్మనెంటు. బ్రష్షు ముంచాను. మేస్త్రి నన్ను చూడటం లేదు, ఏడు అంకెను చూస్తున్నాడు. పెయింటు ఎక్కడికి పోవాలో అక్కడ చూడాలి కదా అని నేనూ చూశాను. అక్కడ బాలయ్య బొటనవేలు మళ్లీ ఆని ఉంది. ఆయన దాన్ని తీయలేదు. తుడుచుకోనూ లేదు. బండి మీద చెయ్యి పెట్టి తబియత్ చూస్తున్నట్టే ఉన్నాడు.

బ్రష్షు డబ్బాలో పెట్టేశాను.

"పని అయిపోయింది సార్."

"అంకె సగం లేదయ్యా!"

"అసలు బండి మీద గూడ గంతే ఉన్నది సార్. గాడనే నిలవడ్డది, జూడుండ్రి."

ఆయన నిజంగానే వెళ్లి చూశాడు. అద్దం పెట్టి మరీ చూశాడు. వచ్చి భూతద్దం జేబులో వేసుకుని సన్మానం ముగించాడు. ఫలితాలు రెండు రోజుల్లో వచ్చాయి. రెండో పెయింటరు పోస్టు వేరే షెడ్డు నుంచి వచ్చిన ఎవరికో పోయింది. అసలు బండి మీద నంబరు స్పష్టంగా లేనందుకు యాకోబు మేస్త్రికి మూడో మెమో వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న దాన్ని చదివించుకుని మేస్త్రి నవ్వాడు. నేనున్నన్ని రోజుల్లో ఆయన పళ్లు చూసింది అప్పుడే.

"అరేయ్ తాండూరోడా, నీ నౌకరీ పోతె పాయె, నన్నెందుకు ఇరికిచ్చినవ్ర?"

మూడో మెమోకు జవాబుగా ఆయన అసలు బండి మీది ఏడును ఆ రోజే నిండుగా రాశాడు. నేను తాండూరు వచ్చేశాను. మా వీధిలో నన్ను పర్మనెంటు నుంచి దించడానికి మా అమ్మకు ఆరు నెలలు పట్టింది. నెల తర్వాత, రావాల్సిన ఆఖరి కూలి కోసం వికారాబాదు వెళ్తే, మేస్త్రి డబ్బా పట్టుకుని 417 వైపు పోతూ కనిపించాడు. వెంట నడిచాను. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెట్టు దగ్గర ఆగాడు. ఏడు తోక రాసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, చుక్క చెదరలేదు. కొత్త డ్రైవరు దాన్ని ముట్టుకోడు. మేస్త్రి డబ్బా మూత తీయలేదు.

"పని లేదు సాయిలూ" అన్నాడు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా. తిరిగి వస్తూ ఆ ఐదు వెంట్రుకల బ్రష్షును నా జేబులో గుచ్చాడు.

ఆ బ్రష్షులో ఇప్పుడు మిగిలినవి రెండు వెంట్రుకలు. బోర్డు రాయమని ఎవరు పిలిచినా, నేను ముందు వాళ్ల కొట్టు చుట్టూ రెండుసార్లు తిరుగుతాను. గుమాస్తా ఎక్కడ ఆనుకుంటాడు, ముసలాయన ఏ గడపను పట్టుకుని లేస్తాడు, అన్నీ చూస్తాను. రేటు మాట్లాడకముందే ఇదేం తనిఖీ అని తిట్టినవాళ్లూ ఉన్నారు. నా సొంత పలక మీద ఆఖరి అక్షరం ఎందుకు పోయిందో మాత్రం ఈ ఉదయమే చూశాను. రోజూ తాళం తీసే ముందు నా అరచెయ్యి వెళ్లి దాని మీద ఆనుతుంది. ఎన్నేళ్ల నుంచో నాకే తెలియదు.

"ఏమన్నా, డబ్బా తీసి అట్లనే కూసున్నవ్? రాయవా?" అని శివప్ప మళ్లీ అరిచాడు.

"చెరిపెటోడే రాస్తే అది పని గాదు శివప్పా. రాసెటోడు వేరే ఉండాలె" అన్నాను.

అతనికి ఏమీ అర్థం కాలేదు. నేను మూత బిగించాను. వేళ్లకు అవిసె నూనె వాసన ఇంకా ఉంది.